నీలం కంచం ఆగిన రోజు

రొవీనా ఏ రోజూ కంచంలో అన్నం పూర్తిగా తిని లేచింది లేదు. రెండుంబావుకి బస్సు. మూడింటికల్లా వృద్ధాశ్రమంలో డ్యూటీ ఎక్కాలి. ఈలోగా బడి నుంచి వచ్చిన ఐదేళ్ల మీగోకి వడ్డించాలి, గిన్నె పట్టుకుని రెండున్నరేళ్ల తాలా వెనకాల సోఫా చుట్టూ ప్రదక్షిణాలు చేయాలి, తనూ నాలుగు మెతుకులు నోట్లో వేసుకోవాలి. విన్నిపెగ్‌లో జనవరి మంచుకి గుమ్మం దాటాలంటే తొడుక్కునే బట్టలకే పది నిమిషాలు పోతాయి.

ఆమె లేవగానే అత్తగారు ఇసిద్రా చెంచా పక్కన పెట్టి తన కంచాన్ని ఒక్క చుట్టు తిప్పేది. మీగో తన నీలం కంచం తిప్పేవాడు. తాలా తన గిన్నె తిప్పబోయి పులుసు ఒలకబోసేది. ఫిలిప్పీన్స్‌లో వాళ్ల ఊరు ఇలోయిలోలో తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. పంక్తి మధ్యలోంచి ఎవరైనా లేచి బయటికి వెళితే, వాళ్లు క్షేమంగా చేరాలని మిగిలినవాళ్లు కంచాలు తిప్పాలి. ఒకసారి తిప్పితే చాలు, ఆ కంచాలు నెమ్మదిగా తిరుగుతూనే ఉండేవి. రొవీనా ఆశ్రమం గుమ్మంలో కాలు పెట్టగానే ఆగేవి. తిరిగే కంచంలో తినడం పెద్ద కష్టమేమీ కాదు, చేపముక్క తన వైపు వచ్చినప్పుడు అందుకుంటే సరి.

"మీ అమ్మ చేరిందిరా. ఇక నిమ్మళంగా తిను" అనేది ఇసిద్రా.

ఇసిద్రా వచ్చి నాలుగు నెలలైంది. మార్చి పద్నాలుగున తిరుగు ప్రయాణం. టిక్కెట్లు మాత్రం రెండు తీశారు, రెండోది తాలాకి. ఎంత లెక్కేసినా దంపతులిద్దరికీ ఒక మూడు గంటలు తేలడం లేదు. రొవీనా రెండుంబావుకి వెళుతుంది, ఆమె భర్త దిందో బేకరీ నుంచి ఐదున్నరకి గాని రాడు. మీగోని బడివాళ్లే సాయంత్రం దాకా ఉంచుకుంటామన్నారు. తాలా పేరేమో పసిపిల్లల్ని చూసుకునే చోట జాబితాలో నూట పన్నెండోది.

"రెండేళ్లేగా! బడి ఈడు రాగానే తెచ్చేసుకుందాం" అన్నాడు దిందో, భార్య మొహం చూడకుండా.

రెండేళ్లే. ఆశ్రమంలో తనతో పనిచేసేవాళ్లలో ముగ్గురు అలా పంపినవాళ్లే. వాళ్లలో ఒకామె కూతురు తిరిగొచ్చి, విమానాశ్రయంలో తల్లిని "ఆంటీ" అని పిలిచిందట. తాలా వెళ్లేనాడు కంచాలు తిరుగుతాయి, ఇలోయిలోలో దిగగానే ఆగుతాయి. ఆ ఆగిపోయిన కంచాల్లో రెండేళ్లపాటు అన్నం ఎలా తినాలో రొవీనాకి అంతుపట్టలేదు.

వాళ్లుండేది నేలకింద వాటాలో. పైన ఇంటామె ఓల్గా ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ల ఉక్రేనియన్ ఆవిడ, భర్త పోయి పదకొండేళ్లు. పిల్లలు ఆమెని మేడ మామ్మ అంటారు. గురువారం వచ్చిందంటే నాలుగు వీధుల అవతలి చర్చి హాల్లో తోటి ముసలమ్మలతో కూర్చుని, ఆలుగడ్డ కూరిన పిరోగీలు వందల లెక్కన ఒత్తుతుంది. వెళ్లే ముందు కిందికి తొంగి చూసి, "వెళుతున్నాను, వెనక దీపం వేసి ఉంచండి" అంటుంది. నాలుగేళ్లలో ఆ రెండిళ్ల మధ్య నడిచిన మాటలు ఇంచుమించు అవే.

ఆ గురువారం కూడా తొంగి చూసింది. మీగో వెంటనే కంచం మీద చెయ్యి వేశాడు.

"ఆవిడకి తిరగదురా, మన పంక్తిలో కూచుంటేగా!" అంది ఇసిద్రా.

"అయితే కూచోబెట్టు!"

మనవడు అంత మాట అన్నాక ఇసిద్రా ఊరుకుంటుందా? లేచి వెళ్లి ఓల్గా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. చెంచాతో చింతపండు పులుసు నోటి దగ్గర పెట్టాక భాషతో పనేముంది? ఓల్గా కుర్చీ అంచున కూర్చుని, బూట్లు కూడా విప్పకుండా, ఆ చెంచాడు మింగి కళ్లు గట్టిగా మూసుకుంది.

"అబ్బ, పులుపు!"

"మీ బీట్‌రూట్ పులుసు మాత్రం తియ్యగా ఉంటుందేంటి!" అంది రొవీనా నవ్వుతూ.

"ఇది తిన్నవాళ్లకి అది తీపే, అమ్మాయ్" అని ఓల్గా లేచింది. తాలా నోట్లో ముద్ద, అత్తాకోడళ్ల చేతుల్లో తాలా. అందుకని తిప్పింది మీగో ఒక్కడే.

ఎంత మెల్లిగా నడిచినా చర్చికి పది నిమిషాలు. రొవీనా తాలాకి తినిపించి, స్వెట్టరు, కోటు తొడుక్కుని, బూట్ల తాళ్లు బిగించి, తలెత్తేసరికి అరగంట గడిచింది. నీలం కంచం ఇంకా తిరుగుతోంది.

"మామ్మ చేరలేదమ్మా" అన్నాడు మీగో.

"దారిలో ఎవరితోనైనా కబుర్లేమో."

"ఈ చలిలో కబుర్లా? నాలుక గడ్డకట్టుకుపోతుంది" అంది ఇసిద్రా. "వెళ్లి చూడు."

బస్సుకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఈ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారికి ఊరుకోమని పైవాళ్లు మొహం మీదే చెప్పారు. రొవీనా ఒక్క క్షణం కంచం వైపు చూసి, బస్సు ఉన్న ముందు వీధి వదిలేసి, ఓల్గా చర్చికి నడిచే వెనక సందులోకి పరుగెత్తింది.

షెడ్డు పక్కన, యంత్రం తోసిన మంచుగుట్ట వెనకాల ఓల్గా పడి ఉంది. చీలమండ పక్కకి తిరిగిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. అరిచే ఓపిక కూడా అయిపోయినట్టుంది. రొవీనా తన కోటు విప్పి ఆమె మీద కప్పి, అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆశ్రమంలో ముసలివాళ్లని పట్టుకునే పద్ధతిలోనే ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

"నిన్నెవరు పంపారు?" అంది ఓల్గా వణుకుతూ.

"మీగో కంచం."

"ఓహో" అంది ఓల్గా, అంబులెన్సు వాళ్లే పంపారని చెప్పినంత మామూలుగా. "మంచి కంచం."

ఆశ్రమంలో రొవీనాకి చీవాట్లు పడ్డాయి. ఓల్గా తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, కాలికి కట్టుతో ఇంటికొచ్చింది. అయినా నీలం కంచం ఆగలేదు. ఆమె బయల్దేరింది చర్చి హాలుకి, చేరనిదే ఆగదుగా! ఇంకా ఎన్నాళ్లు తిరుగుతుందో తెలియక ఇసిద్రా దాన్ని కడిగి ఫ్రిజ్ మీద పెట్టింది, అది అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. మీగో చుట్టాల కంచంలో తింటూ రోజూ సణిగేవాడు.

"నా కంచం నాకెప్పుడిస్తారు?"

"మామ్మ చేరినప్పుడు."

ఓల్గా మెట్లు దిగలేదు కనక భోజనమే మెట్లెక్కింది. రొవీనా కుండతో పులుసు పైకి తీసుకెళ్లేది, పిల్లలు వెంట పడేవాళ్లు. ఓల్గా సోఫాలో కాలు చాపుకుని కూర్చుంటే తాలా ఆ కట్టు మీద రంగు పెన్సిళ్లతో చేపలు గీసేది. ఒకరోజు ఇసిద్రా కూడా పైకొచ్చి కూర్చుని పలచటి నూలు గౌన్లు నాలుగు మడతపెడుతుంటే ఓల్గా చూసింది.

"ఈ చలిలో ఎవరికవి?"

రొవీనా చెప్పక తప్పలేదు. ఇలోయిలో గురించి, రెండేళ్ల గురించి, ఎటూ తేలని మూడు గంటల గురించి. చివరికి, "ఆ మూడు గంటలూ పిల్లని చూసుకునే మనిషి లేరండీ" అంది.

"మనిషి లేరా?" ఓల్గా గొంతు లేచింది. "నేను మనిషిని కానా?"

"మీ కాలు..."

"కాలు మార్చికి బాగవుతుంది. ఆ మంచులో ఇంకో పావుగంట పడి ఉంటే నాకు మార్చే లేదన్నాడు డాక్టరు. అంటే ఇప్పుడు నా దగ్గరున్న గంటలన్నీ మీరిచ్చినవే. అందులో రోజుకి మూడు తీసుకోవడానికి నీకు మొహమాటమా? నాలుగేళ్లుగా నా కాళ్ల కింద కాపరం చేస్తున్నావు, ఒక్కసారి నోరు విప్పి అడగలేదేం?"

"అద్దెకున్నవాళ్లం, ఎలా అడుగుతామండీ?"

"నోటితో!"

రొవీనాకి ఏడుపు ఆగలేదు. గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది, చింతపండు తగిలి కళ్లు ఇంకా మండాయి. ఏం జరిగిందో ఎవరూ అనువదించకపోయినా ఇసిద్రాకి అర్థమైంది. మడతపెట్టిన గౌన్లలో ఒకటి విప్పి మనవరాలి ఒంటికి పెట్టి చూసుకుని, "ఎండాకాలం ఇక్కడే వేసుకుంటుందిలే" అంది. ఆమెకీ బాధే. పిల్ల తనతో వస్తుందని ఇలోయిలోలో ఉయ్యాల కూడా కట్టించింది.

మార్చి పద్నాలుగున ఆమె కావాలనే ఆకలితో కూర్చుని, కావాలనే సగంలో లేచింది. మనవలిద్దరూ తమ ఊరి పద్ధతిలో దీవెన కోసం ఆమె చెయ్యి నుదుటికి ఆనించుకున్నారు. ఐదు కంచాలు ఒకేసారి తిరిగాయి, ఐదోది ఓల్గాది. అవి రెండు రోజులు తిరిగి మూడోనాడు పొద్దున ఆగాయి. ఆ రెండు రోజులూ అందరూ తిరిగే కంచాల్లోనే తిన్నారు.

ఏప్రిల్లో ఒక శనివారం. మంచు కరిగి సందులో నీళ్లు పారుతున్నాయి. పండగ ముందు పిరోగీలకి మనుషులు చాలడం లేదని చర్చి నుంచి కబురొచ్చింది. ఓల్గా ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో తాలాని పట్టుకుని బయల్దేరింది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం.

రెండింటికి ఇంట్లో ముగ్గురే తింటున్నారు. మీగో కళ్లు ఫ్రిజ్ మీదే. జనవరి నుంచి తిరుగుతున్న నీలం కంచం నెమ్మదించింది, ఒక్క చుట్టు తిరిగింది, ఆగింది.

"మామ్మ చేరింది!" అని మీగో కుర్చీ ఎక్కి కంచం దించుకుని తల్లి ముందు పెట్టాడు. "అన్నం పెట్టమ్మా."

రొవీనా చేపముక్క వేసి, పులుసు పోసి, లేచి కోటు అందుకుంది. రెండుంబావు అవుతోంది. తాలా నాలుగు వీధుల అవతల చేతులకి పిండి పూసుకుని కూర్చుని ఉంటుంది. సాయంత్రానికి ఇంటికొస్తుంది. వెనకాల దిందో కంచం తిరిగిన చప్పుడైంది. మీగో ముందు చేపముక్క తినేసి, ఆ తర్వాత తన కంచం తిప్పాడు.