పిచ్చుకలు చూసే చోటు

ఆదివారం పొద్దున్న మా బుజ్జిది ఎవరింట్లో కూర్చుంటుందన్నదే నాకూ మా వియ్యపురాలికీ వచ్చిన పేచీ. బుజ్జిది నా కొడుకు కూతురు. బళ్లో వాళ్ల టీచరమ్మ పిల్లలందరిచేతా పిచ్చుకల్ని లెక్కపెట్టిస్తోంది. వారం వారం అంకె పంపితే అది పటం మీద చుక్కవుతుంది. పిచ్చుకలు ఎక్కడ తగ్గుతున్నాయో పెద్ద చదువులవాళ్లు ఆ చుక్కలు చూసి తెలుసుకుంటారట. అయితే ఒక్కొక్కరికి ఒకటే చోటు. ముందు రెండు మూడు చోట్లు చూసి, నచ్చింది ఎంచుకోమంది.

పిల్ల ఒక వారం మా బాల్కనీలో కూర్చుంది, మరుసటి వారం వాళ్లమ్మమ్మ డాబా మీద.

"నాయనమ్మా, అమ్మమ్మ డాబా నిండా పిచ్చుకలే! మీ బాల్కనీకి ఒక్కటి వచ్చింది, అదీ మొహం చూపించి పోయింది" అంది.

 ఆ పిల్లకి మొదటి జడ వేసింది నేను. జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుంది నేను. డాబా ఉంది కదా అని పిట్టలూ అక్కడికే, పిల్లా అక్కడికేనా? మెట్లెక్కడానికే మోకాళ్లు పట్టుకునే ఆవిడకి పిచ్చుకల సోకొకటి!

మళ్లీ మా ఇంటి వంతు వచ్చిన పొద్దున, పిల్ల రాకముందే బాల్కనీ గోడ మీద గుప్పెడు బియ్యం చల్లాను. పిట్టలు బిలబిలమంటూ వాలాయి. బుజ్జిది లెక్కపెట్టలేదు. గోడ మీదికి వంగి ఒక గింజ తీసింది.

"ఇదేంటి?"

"బియ్యం ఏరుతుంటే పడ్డాయే."

"గోడెక్కి ఏరావా?"

 బుజ్జిది కంప్యూటర్ తెరిచింది. తెరమీద, వాళ్ల బడివాళ్లిచ్చిన ఆటలో, పిచ్చుకలకి బదులు గోధుమరంగు చుక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. మూలన గింజలు పెట్టి చూపించగానే చుక్కలన్నీ అక్కడికే పరుగెత్తాయి.

"చూశావా? ఊళ్లో పిచ్చుకలు పెరగలేదు. పక్క వీధివి ఇక్కడికొచ్చాయి, అంతే. ఇది పంపితే పటం అబద్ధం చెబుతుంది. అమ్మమ్మ అయితే ఇలా చేయదు."

ఆ చివరి మాట నన్ను కాల్చింది. "అడుగు, ఇప్పుడే అడుగు!" అన్నాను.

ఫోన్ కలిపి, నాకూ వినబడేలా పెట్టి, డాబా మీద గింజలేమైనా వేశావా అని అడిగింది. అటునుంచి మా వియ్యపురాలు నసిగింది: "ఏమీ వేయలేదే తల్లీ... కాసిని నూకలు. మీ నాయనమ్మతో అనకు."

"విన్నాను వదినగారూ!" అన్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. "రెండు చోట్లూ కొట్టేశాను" అంది బుజ్జిది. "బడి ఎదుటి బస్టాప్‌లో చూస్తా. పెద్దవాళ్లెవరైనా తోడుండాలి."

"నేనొస్తా" అన్నాను, అది ఊపిరి తీసుకునేలోపే.

తీరా వెళితే, ఫోన్‌లో అంతా విన్న మా వియ్యపురాలు బస్టాప్ బల్ల మీద ముందే వచ్చి కూర్చుంది.

"రండి వదినగారూ, మీకూ కాస్త చోటుంచాను."

"ఎంత పెద్ద మనసండీ!"

బుజ్జిది మా ఇద్దరి సంచులూ తడిమి, చేతులు విప్పించి చూసి, మధ్యలో కూర్చుంది. ఆవిడవైపు కాస్త ఎక్కువ జరిగిందేమోనని, నేను పిచ్చుకల్ని వదిలేసి వాళ్లిద్దరి మధ్య సందునే చూస్తూ కూర్చున్నాను.