తప్పినవాళ్ల గ్రూపు

పదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్లల కోసం నా భార్య రాజకుమారి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. తను నెల్లిమర్లలో లెక్కల టీచరు. నేను తెలుగు చెబుతాను. తన బడి పిల్లలతో మొదలైన గ్రూపులోకి గజపతినగరం నుంచీ, సాలూరు నుంచీ కూడా వచ్చి చేరారు. అందులో నియమం ఒకటే. ఎవరైనా లెక్క అడిగితే జవాబు చెప్పకూడదు. తరవాతి మెట్టు మాత్రమే చెప్పాలి. అది ఎక్కాక మళ్లీ అడిగితే, ఇంకొకరు ఇంకో మెట్టు చెప్పాలి. తను మధ్యలో కలగజేసుకునేది కాదు.

సప్లిమెంటరీ పరీక్షలు దగ్గర పడుతుండగా ఆమె పోయింది. ఆమె ఫోను నా దగ్గర ఉంది. గ్రూపు ఆపడానికి మనసొప్పలేదు.

పిల్లల గ్రూపు అంటాం గానీ అందులో ఉన్నవి వాళ్ల అమ్మానాన్నల ఫోన్లు. కబురు తెలియగానే అందరూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ‘ఓం శాంతి’ అన్నారు. సబబే. కానీ అది ఆగలేదు. ఎవరో ఊరెళ్లి వచ్చి, ఆలస్యంగా చూసి, ‘ఓం శాంతి’ అంటారు. తాము మళ్లీ అనకపోతే బాగుండదని మిగిలినవాళ్లంతా అందుకుంటారు. ఒకాయన అలవాటు కొద్దీ గులాబీలతో శుభోదయం పెట్టి, తప్పు తెలుసుకుని, దాని కిందే దీపం బొమ్మ పెట్టాడు.

ఈ గొడవ మధ్యలో అరుణశ్రీ లెక్క అడిగింది. పూసపాటిరేగ వైపు సముద్రపు ఒడ్డు పిల్ల. తండ్రి వేటకు వెళతాడు, తల్లి గున్నమ్మ చేపలమ్ముతుంది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపించి, పనికి రొయ్యల కంపెనీ బస్సు ఎక్కిస్తానని గున్నమ్మ తేల్చి చెప్పేసింది. సోమవారం పరీక్ష.

దీపస్తంభం వైపు ఒక పడవ వస్తోంది. పడవ నుంచి చూస్తే స్తంభం కొన ముప్పై డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. నలభై మీటర్లు ముందుకు వచ్చాక అరవై. స్తంభం ఎత్తెంత? అరుణశ్రీ ఒక త్రిభుజం గీసి, ఫొటో పెట్టి, తరవాతేమిటని అడిగింది. సరిగ్గా అప్పుడే సాలూరు లారీ డ్రైవరు దాలయ్య రాయపూర్ నుంచి తిరిగొచ్చి కబురు చూశాడు. ఓం శాంతి అన్నాడు. మిగిలినవాళ్లు అందుకున్నారు. త్రిభుజం ఎక్కడికో పైకి పోయింది.

“సార్, నా లెక్క ఎవలూ సూడ్డం నేదు సార్,” అని ఆ పిల్ల వాయిస్ మెసేజ్ పెట్టింది. దాని కిందా చేతులే.

నాకు ఛందస్సు వచ్చు. త్రికోణమితి రాదు.

‘దయచేసి ఇక్కడ లెక్కలు మాత్రమే పెట్టండి’ అని రాశాను.

‘అలాగే మాస్టారూ. ఓం శాంతి’ అని ఎవరో జవాబిచ్చారు.

ఒళ్లు మండింది. గ్రూపులో అడ్మిన్ తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టడానికి వీల్లేకుండా చేసేశాను. ఫోను ఒక్కసారిగా నోరు మూసుకుంది. హాయిగా అనిపించింది. లేచి బియ్యం కడుక్కున్నాను.

శనివారం పొద్దున్నే గున్నమ్మ రాజకుమారి నంబరుకు ఫోను చేసింది.

“మాస్టారూ, గ్రూపు తలుపేసీసినారట?”

“వేయలేదమ్మా. ఎవరూ ఏమీ పెట్టకుండా చేశాను, అంతే.”

“తలుపేసీడమంటే ఇంకేటి మరి? మా పిల్ల నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు. టీచరమ్మ ఎల్లిపోనారు, దేవుడి రాత. మా పిల్ల సదువు కూడా ఆయమ్మ ఎనకాలే పంపీసినారేటి?”

“మీరంతా ఆ చేతులు జోడించడం మానితే పిల్లల లెక్కలు కనిపిస్తాయి! ఎన్నిసార్లు చెప్పాలి?” నా గొంతు పెరిగింది.

ఆమె గొంతు అంతకన్నా పెరిగింది. “సావు కబురింటే సేతులెత్తకుండా ఊరుకుంటామేటి, మడుసులం కామా? మీ ఇంటికొద్దామంటే తలుపు తియ్యరట. మీ నంబరెవులికీ నేదు. మరెక్కడెత్తమంటారు సేతులు?”

పెద్దకర్మ అయిన దగ్గర్నుంచి నేను ఎవరికీ తలుపు తీయడం లేదు. చుట్టాల ఫోన్లు కూడా ఎత్తడం లేదు.

“ఉన్నారా మాస్టారూ?”

“ఉన్నాను. గ్రూపు తెరుస్తానమ్మా. పిల్లకి అన్నం పెట్టు.”

తెరిచాను. ‘రాజకుమారి గురించి మాట్లాడాలనుకున్నవారు ఈ నంబరుకు చేయండి. ఎత్తుతాను. ఇక్కడ లెక్కలు మాత్రమే’ అని రాసి, కింద నా నంబరు వేశాను. అరుణశ్రీ ఫొటో వెతికి మళ్లీ పెట్టాను.

కాసేపటికి గజపతినగరం కుర్రాడు ఈశ్వర్ గొంతు వినిపించింది. “ఒసే అరుణా, పడవ రెండు సోట్ల ఆగినాది కదే. త్రిభుజం ఒకటే గీసినావేటి?”

“పడవ ఆగిపోనాదని నీకెవులు సెప్పినార్రా? వస్తన్నాది!”

“వస్తే వచ్చింది గానీ, ముందు రెండోది గియ్యవే తల్లీ!”

ఇంతలో నా ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తాను.

“మాస్టారూ, నాను దాలయ్యనండి, లారీ డ్రైవర్ని. నా వల్లే పిల్లల లెక్క సెడిపోయిందంట కదా.”

“పరవాలేదు. చెప్పండి.”

“మావోడు తప్పినప్పుడు కొట్టడానికి సెయ్యెత్తీసినాను. అప్పుడే టీచరమ్మ ఫోను. ‘దాలయ్యగారూ, మీరు లారీ ఎనక్కి పెట్టడం ఒక్కసారికే నేర్సీసుకున్నారా?’ అన్నారండి. నా ఓనరు కాంపౌండు గోడ రెండుసార్లు పడగొట్టీసినానండి నాను. అదెవులు సెప్పీసినారో ఆయమ్మకి...”

నవ్వబోయి ఆగిపోయాడు. తరవాత ఆ గోడ కథ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. ఆ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు.

బల్ల మీద ఆమె ఫోనులో కొత్త ఫొటో వచ్చింది. స్తంభం ఒకటే, త్రిభుజాలు రెండు. ‘రెండింట్లోనూ ఎత్తు ఒకటే. రెండు రకాలుగా రాసి సమానం చెయ్యి’ అని ఎవరో ఒక మెట్టు చెప్పారు. కొంతసేపటికి అరుణశ్రీ రాసింది: ‘ఇరవై రూట్ మూడు వచ్చింది. నెక్స్ట్ లెక్క పెడతన్నాను. ఎవరూ పారిపోకండి.’

నా ఫోనులో ఇంకెవరిదో కాల్ వస్తున్నట్టు చప్పుడైంది. దాని వెనక ఇంకొకటి.

“ఇంటన్నారా మాస్టారూ?” అన్నాడు దాలయ్య.

“వింటున్నాను,” అన్నాను. “తరవాత ఆవిడ ఏమంది?”