వాలిన దారం

పక్షవాతంతో నెల్లాళ్లు ఆస్పత్రిలో ఉండి వచ్చిన మేస్త్రీ, మంచమెక్కకముందే కొత్త గది చూడాలన్నాడు. సగంలో ఆగిన ఆ గది గోడల్ని ఆయన లేనప్పుడు లేపింది బావమరిదే. బావ నోటివెంట ఒక్క మెచ్చుకోలు మాట వినాలని వాడికి ఎన్నాళ్లుగానో ఆశ.

మేస్త్రీ ఒక చేత్తో భార్య భుజమూ, ఇంకో చేత్తో కర్రా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గోడ కుడికి వాలిందిరా. పడగొట్టు."

"సరిగ్గానే ఉంది బావా."

"ఇన్నేళ్ల కన్ను నాది. నాకే చెబుతావా?"

బావమరిదికి ఒళ్లు మండింది. వంకర గోడ కట్టి సాకులు చెప్పే పనివాళ్లని, ఆడలేక మద్దెల ఓడంటున్నారని బావ నలుగురిలో కడిగేసేవాడు. వాదన పెట్టుకునేవాడు కాదు, తూకం గుండు వేలాడదీసేవాడు. దారానికి కట్టిన ఆ ఇనుప గుండుకి మొహమాటం లేదు, నిలువునా కిందికి దిగుతుంది. దాంతో ఎంతటివాడైనా నోరు మూసుకోవాల్సిందే.

బావమరిది అదే గుండు తెచ్చి గోడ మీంచి వదిలాడు. ఊగి ఊగి ఆగింది. గోడకీ దారానికీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకటే.

"ఇప్పుడు చెప్పు బావా."

మేస్త్రీ దారాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"దారం కూడా వాలిందిరా."

అక్క మొహం పాలిపోయింది. బావమరిది కోపం ఎటుపోయిందో తెలియలేదు.

"నీకు నిలువు ఎలా కనిపిస్తోంది నాన్నా?" అంది వాళ్ల వెనకే వచ్చిన మేనకోడలు.

మేస్త్రీ కర్రెత్తి, తనకి నిలువనిపించినట్టు దారానికి ఆనించాడు. కర్రా దారమూ నడిమిలో తెరిచిన కత్తెరలా ఒకదాన్నొకటి దాటాయి. బడిలో చదువుకున్నది పిల్ల నెమ్మదిగా చెప్పింది.

"రెండు గీతలు ఇలా దాటితే ఎదురెదురు కోణాలు సమానం నాన్నా. పైన ఎంత తేడా ఉంటే, కింద కూడా అంతే."

"అదన్నమాట. తల ఎంత తప్పిందో కాలూ అంతే తప్పింది. అందుకే నిలబడలేకపోతున్నా."

ఆయన కర్ర భార్యకిచ్చి, గుండుని అందుకుని దారం దానికి చుట్టాడు. దాన్ని తనంతట తాను ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు. బావమరిది చేతిలో పెట్టాడు.

"గోడ బాగా కట్టావురా."

బావ తిట్టినా బాగుండేదని బావమరిది గోడవైపు తిరిగి ఏడ్చాడు.