ఇన్‌స్పెక్టరు గారి గడ్డి, పరుపు

వీధి చివరి వడ్రంగి ముక్కు గురించి చెప్పుకునే కథల్లో సగం ఆయన పుట్టించినవే. మిగతా సగానికి ఆయన అడ్డు చెప్పలేదు. కళ్ళకు గుడ్డ కట్టి చెక్క ముక్క వాసన చూపిస్తే చాలు, అది ఏ చెట్టో చెప్పేసేవాడట. అక్కడితో ఆగితే ఇంక గొప్పేముంది? ఆ చెట్టుకు తేనెపట్టు ఏ కొమ్మన పట్టిందో, దాన్ని కొట్టినవాడు ఆ పొద్దున ఏం తిని పనిలోకి వచ్చాడో కూడా చెప్పేవాడట. ఓసారి ఎవరో విరిగిన కుర్చీ కాలు తెస్తే వాసన చూసి, దీని జత కాలు మీ అత్తగారింట్లో ఉంది పొమ్మన్నాడనీ, వెళ్ళి వెతికితే నిజంగానే అటక మీద దొరికిందనీ ఇప్పటికీ అంటారు.

ఆ ముక్కు పని మానేసి ఆరేళ్ళయింది. నలభై ఏళ్ళు రంపపు పొట్టు పీల్చినందువల్లో, ఒక చలికాలం పట్టుకుని వదలని జలుబువల్లో తెలీదు. ఒకనాటి పొద్దున కాఫీ ఒట్టి వేడినీళ్ళలా అనిపించింది, అంతే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, పెళ్ళానికి కూడా. ఎవరైనా చెక్క తెస్తే ఎప్పటిలాగే ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ సందులో బొటనవేలి గోటితో గీరి, అరచేత్తో బరువు చూసి, వేలితో తట్టి చప్పుడు విని, అప్పుడు నోరు విప్పేవాడు. తప్పేది కాదు. పని చేసేది చేతులూ చెవులూ, పేరు మాత్రం ముక్కుకు.

ఇలా రోజులు గడిచిపోతుంటే కూతురు ఆఫీసు పని మీద పది రోజులు వేరే ఊరు వెళ్తూ పిల్లను కూడా తీసుకెళ్ళింది. పిల్ల తన కుందేలును తాతయ్యకు అప్పజెప్పింది. దాని పేరు ఇన్‌స్పెక్టరు. ఎదురుపడ్డ ప్రతిదాన్నీ, మనిషి కాలి బొటనవేలితో సహా, వాసన చూసి గాని వదలదు. దానితోబాటు మూడు రోజులకు సరిపడా గడ్డీ, కింద పరిచే కాగితం గుళికలూ, ఒక చీటీ ఇచ్చింది. చీటీలో ఇలా రాసి ఉంది:

"గడ్డి మంచి వాసన రావాలి. కింద పరిచేదానికి ఏ వాసనా రాకూడదు. ఒక్క పూట మేత ముట్టకపోయినా నాకు ఫోన్ చెయ్యి, కుందేలు కడుపు పని ఆగిపోతే బతకదు. తాతయ్యకు ముక్కు ఉంది కాబట్టి నాకు భయం లేదు."

ఆఖరి మాట చదివి వడ్రంగి చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

నాలుగో రోజు పెంపుడు జంతువుల కొట్టుకు వెళ్ళాడు. అక్కడ గడ్డే మూడు రకాలు. ఒకటి పచ్చగా మెత్తగా, ఒకటి ఆకు ఎక్కువగా, ఒకటి బంగారు రంగులో పొడుగ్గా. పరిచే సరుకైతే గోడ పొడుగూతా సంచులే. ఒకటి తడిస్తే గడ్డ కడుతుందట, అది పిల్లులకే గాని కుందేలు కొరికితే కడుపులో ఉబ్బుతుందట. ఒకటి మట్టి, ఒకటి కాగితం, ఒకటి చెక్క. మనుషులు పడుకునే పరుపుకు కూడా ఇన్ని రకాలు లేవు. ఏది మంచిదమ్మా అని కొట్టు ఆవిణ్ణి అడిగితే ఆవిడ నవ్వి, మీ ముక్కుకు నేను చెప్పాలా తాతగారూ, వాసన చూస్తే మీకే తెలుస్తుంది అని మూడు మూటలూ విప్పి పెట్టి, చిలకకు గింజలు కావాలన్న వేరే ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన మూడింట్లోనూ ముఖం పెట్టాడు. మూడూ ఒకటే. గాలి.

చేసేది లేక వడ్రంగి కళ్ళతో చూశాడు. పచ్చది వంకర టింకరగా ఉంది. ఆకుది నలిగిపోయింది. బంగారు రంగుదే తిన్నగా, ముడి లేకుండా, పాలిష్ పెట్టినట్టు మెరుస్తోంది. చెక్కయితే తలుపుకు పనికొస్తుంది. అదే కట్టించుకున్నాడు. ఇక పరుపు సంగతికొస్తే, తన పని కొట్టం నిండా చిత్రిక పట్టిన పొట్టు కుప్పలుండగా కాగితం ఎవడు కొంటాడు? ఆ వారమే ఒక పాత దేవదారు బీరువాను విప్పి పలకలు చిత్రిక పట్టాడు. దేవదారు వాసనకు పురుగులు పారిపోతాయని ఆయనకు తెలీక కాదు. కానీ ముప్పై ఏళ్ళనాటి చెక్క, వాసన ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుందనుకున్నాడు. అయినా గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాడు. ఏ వాసనా రాలేదు. రాకూడదనే కదా పిల్ల రాసింది. కొట్టంలో ఓ మూలనున్న కుందేలు పెట్టెలో దట్టంగా పరిచాడు.

పాత చెక్కకైనా పైపొర లేస్తే లోపలి వాసన కొత్తగా బయటికొస్తుందని పనిలో చేరిన మొదటి వారమే తెలిసిపోతుంది. ఆయనే పదిమందికి నేర్పాడు. ఆ పూట మాత్రం తన ముక్కుకు తెలియంది లోకంలో లేదనుకున్నాడు.

మర్నాటికి ఇన్‌స్పెక్టరు తుమ్మడం మొదలెట్టింది. కుందేలు తుమ్ము ఎంతుంటుంది, బొమ్మ ఈల ఊదినంత. వడ్రంగికి మాత్రం ఒక్కొక్క తుమ్ముకూ కొట్టం పైకప్పు లేచి కూర్చున్నట్టుంది. కుందేలు కళ్ళు నీరు కారుతున్నాయి. బంగారు గడ్డిని ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు. పొద్దుటి మేత అలాగే ఉంది. మధ్యాహ్నం దాటుతోంది.

ఆయన చీటీ విప్పి లెక్క తేల్చబోయాడు. గడ్డికి వాసన రావాలి, రావడం లేదు, కాబట్టి తప్పు. పొట్టుకు రాకూడదు, రావడం లేదు, కాబట్టి ఒప్పు. మరి తుమ్ము దేనికి? గడ్డి తీసి పొట్టు ఉన్నచోట వేశాడు. పొట్టు తీసి గిన్నెలో వేశాడు. ఇది మరీ చోద్యంగా ఉందని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాడు. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టెలో తల దూర్చి, కుందేలులాగే ముక్కు ఆడించి చూశాడు. ఇన్‌స్పెక్టరు ఆయన చెవి వాసన చూసి, తుమ్మింది.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య ఫోను పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. మోకాళ్ళ మీదున్న మొగుణ్ణి ఎగాదిగా చూసి ఫోను చేతికిచ్చింది. అవతల మనవరాలు.

"తాతయ్యా, గడ్డి ఏం వాసన వస్తోంది?"

వడ్రంగి నోట అబద్ధం తయారుగానే ఉంది. ఆరేళ్ళుగా చిత్రిక పట్టి నున్నగా చేసిన అబద్ధం. పచ్చిక వాసనమ్మా అంటే పోతుంది. కానీ ఎదురుగా మేత ముట్టని కుందేలు ఒంటి మీద బొచ్చు లేచి, మూలకు ముడుచుకుని కూర్చుంది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "నా ముక్కు పనిచెయ్యదు. ఆరేళ్ళయింది. నీ ఇన్‌స్పెక్టరు పొద్దుట్నుంచీ తినలేదు."

పిల్ల వెంటనే ఫోను అమ్మమ్మకు ఇవ్వమంది. అమ్మమ్మ ఊఁ, ఊఁ అంటూ విని, ఫోను పెట్టేసి, కుందేలును ఎత్తుకుని దాని వీపుకు ముక్కు ఆనించింది.

"దీన్ని బీరువాలో గాని పెట్టారా? ఒళ్ళంతా దేవదారు. కొట్టం ఎప్పుడూ ఇలాగే గుప్పుమంటుంది కదాని నేనూ పట్టించుకోలేదు." గడ్డి కూడా వాసన చూసింది. "ఇది మేత కాదు. గింజ రాలగొట్టాక మిగిలే ఉత్త పుల్లలు. ఇది నమలడం, చీపురు నమలడం ఒకటే."

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ వాకిలి దాకా వెళ్ళి ఆగింది.

"ఏమండీ, ఆరేళ్ళా? అయితే మొన్న మాడిన కూర కమ్మగా ఉందన్నారే?"

ఆయన పెట్టెలోని పొట్టు గుప్పిళ్ళతో ఎత్తి బయట పొయ్యసాగాడు.

"అంతకుముందు మెచ్చుకున్నవి?"

ఆరేళ్ళ మెచ్చుకోళ్ళలో ఏది నిజమో ఏది కాదో తేల్చుకోలేక ఆవిడ ముఖం అయోమయంగా మారింది. ఇంక ఇది తర్వాత చూసుకుందాం పదండి అంది.

కుందేలును గాలి వచ్చే ముందుగదిలోకి మార్చి, పెట్టె కడిగి, ఇద్దరూ కొట్టుకు వెళ్ళారు. ఈసారి ఆవిడ వాసన చూసింది, ఆయన చేత్తో నలిపి దుమ్ము రాలుతుందేమో చూశాడు. ఆకు ఎక్కువున్నది ఎదిగే కూనలకట. వంకర టింకర పచ్చదే పెద్ద కుందేలుకు సరైనదట. కింద పరచడానికి కాగితం గుళికలు. సాయంత్రం దాకా తినకపోతే ఇక ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండని కొట్టు ఆవిడ గట్టిగా చెప్పింది.

పొద్దు వాలుతోంది. కొత్త గడ్డి ముందున్నా ఇన్‌స్పెక్టరు కదల్లేదు. వడ్రంగి చెప్పులు వేసుకున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే బుట్టలో పాత తువ్వాలు పరిచాడు. ఎత్తబోయేముందు ఒక పరక తీసి దాని మూతి ముందు పట్టుకున్నాడు. దాని ముక్కు ఒకసారి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఆ పరక ఆయన వేళ్ళ మధ్య నుంచి మెల్లగా, కొద్దికొద్దిగా, లోపలికి పోసాగింది.

ఆయన కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాడు. సన్నరంపం మెత్తటి చెక్క మీద నడిచినట్టుంది.

"ఇంతకీ ఏం వాసన వస్తోందే అది?" అని భార్యను అడిగాడు.

ఆవిడ గుప్పెడు గడ్డి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఎండలో ఆరిన దుప్పటి అంది. కాదు, తేయాకు డబ్బా అంది. అదీ కాదంది. చివరికి ఏమో, చెప్పడం నాకు చేతకాదు, మీకే తెలియాలి అని, తెలియదు కదా అని గుర్తొచ్చి ఊరుకుంది.

పిల్ల తిరిగొచ్చాక చీటీ అడిగి తీసుకుని ఆఖరి వాక్యం కొట్టేసింది. "అమ్మమ్మ వాసన చూడాలి, తాతయ్య చప్పుడు వినాలి" అని రాసింది. ఆ చీటీ ఎవరి కంట పడిందో ఏమో, ఇప్పుడు వీధిలో కొత్త మాట పుట్టింది. పక్క ఊళ్ళో కుందేలు నమిలితే అది ఏ చేలో కోసిన గడ్డో ఇంట్లో కూర్చుని చప్పుడు విని చెప్పేస్తాడట వడ్రంగి. ఆయన దానికీ అడ్డు చెప్పలేదు.