మళ్ళీ వచ్చిన బుధు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డెబ్బై తొమ్మిదిలో అరకు కొండల్లోని చిన్న ఆసుపత్రికి డాక్టరుగా వచ్చాక అది ఇంకాస్త ముదిరింది. ఆ రోజు గూడెం నుంచి బిడ్డనెత్తుకొచ్చిన కనక మీద అలాగే విరుచుకుపడ్డాను.

ఆమె ఒళ్ళో ఐదు నెలల బుధు ఎగఊపిరి తీస్తున్నాడు. పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతున్నాయి, గోళ్ళు నీలం తిరిగాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. విశాఖ పంపించి తీయించిన ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ మంచు పట్టినట్టు ఉన్నాయి. క్షయ అనుకుని మందు మొదలుపెట్టాను. నెల దాటినా గుణం లేదు.

"మందు పోస్తున్నావా, పారబోస్తున్నావా?"

"పోస్తన్నాను డాట్రమ్మా. ముందటేడూ ఇదే మందు పోసినాను. మీకు ముందున్న డాట్రుబాబు ఇచ్చినాడు."

"ముందటేడేమిటి? వీడు పుట్టిందే ఈ ఏడు కదా!"

"అప్పుడు వానల్లో పోయినాడు. మల్లీ వొచ్చినాడు. అంతకు ముందూ ఒకపాలి ఇలాగే వొచ్చి పోయినాడు. ఇదే ఆయాసం."

కనక పిల్లాడి చెవి తిప్పి చూపించింది. తమ్మె మీద చిన్న నల్లమచ్చ. వాళ్ళ గూడెంలో పసిబిడ్డ పోతే చెవికి మసి రాసి పూడుస్తారట. తరవాత పుట్టినవాడికి అక్కడ మచ్చ కనిపిస్తే, వాడే తిరిగొచ్చాడని అదే పేరు పెట్టుకుంటారట.

ఒకే కడుపున ముగ్గురు, ముగ్గురికీ ఇదే రోగం! ఇది క్షయ కాదు, పొయ్యి పొగ వల్ల వచ్చిందీ కాదు. పుట్టుకతోనే ఊపిరితిత్తుల లోపలి గోడలు దళసరెక్కే జబ్బు. గాలి లోపలికి వెళ్తుంది గానీ రక్తంలోకి చేరదు. చాలా అరుదని కాలేజీలో ఒక్కసారి విన్నాను. మందు ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఈడికి నా ఇల్లు నచ్చట్లేదేటమ్మా?" అంది కనక. "వొచ్చినట్టే వొచ్చి ఎలిపోతాడు. ఈపాలి నాను ఏటి సేస్తే ఉంటాడు?"

ఈ పిచ్చితల్లి ఇన్నాళ్ళూ తప్పంతా తనదే అనుకుంటోంది. ఆ బరువైనా దించుదామని పక్కన కూర్చున్నాను.

"నీ తప్పేమీ లేదు కనకా. ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. నీకు పుట్టిన ముగ్గురికీ వచ్చింది. తిరిగొచ్చినవాడు కాదమ్మా వీడు. వీడు వేరు, వాళ్ళిద్దరూ వేరు."

కనక బిడ్డ చెవి మీది మచ్చను వేలితో తడిమింది.

"మరి ఆలిద్దరూ? నిజంగా పోయినారా డాట్రమ్మా?"

అవునని తలూపేసరికి గొల్లుమంది. ఇద్దరు కొడుకులు ఆమెకు ఆ పూటే చచ్చిపోయారు.