వాకిట్లోకి మంచం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా మిషన్ డిస్పెన్సరీలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం మంచిర్యాలలో రిక్షా దిగేటప్పటికే అది నెత్తికెక్కింది. ఎనభై ఎనిమిదిలో రోహిణి కార్తె అది, రోళ్లు పగిలే ఎండ. పొద్దుటినుంచి కరెంటు లేదు. అయినా బుచ్చిరాములు ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి. తెరిచి ఉంచమని మొన్న వచ్చినప్పుడే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

బుచ్చిరాములు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ఇక చేసేదేమీ లేదని హైదరాబాదు డాక్టర్లు ఇంటికి పంపేశారు. అలా పంపేసినవాళ్ల ఇళ్లకు తిరగడమే నర్సుగా నా ఉద్యోగం. నొప్పి ముదరక ముందే మందు ఎలా ఇవ్వాలో, వీపు పుండ్లు పడకుండా ఎలా ఒత్తిగిలించాలో, మింగలేని మనిషికి బలవంతంగా గంజి పోయకుండా తడిగుడ్డతో పెదవులు ఎలా తుడవాలో ఇంటివాళ్లకు నేర్పుతాను. అన్నీ నేర్చుకుంటారు. గాలి దగ్గరికి వచ్చేసరికే ఎవరూ వినరు.

లోపల బుచ్చిరాములు దిండ్లకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి ఎగపోస్తున్నాడు. పడుకోలేడు, కూర్చోలేడు. కాలితో దుప్పటి తన్నేస్తుంటే భార్య దుర్గవ్వ మళ్లీ కప్పుతోంది.

"తలుపులెందుకు మూసినవ్ దుర్గవ్వా?"

"గాలి తాకితె సర్ది జేస్తది సిస్టరమ్మా."

"సర్దట, సర్ది! ఊపిరాడక పాణం కొట్టుకుంటుంటె!"

కిటికీలు నేనే తెరిచాను. విసనకర్ర తీసుకుని ఆయన మొహానికి గాలి విసిరాను. ఎగపోత కొంచెం తగ్గింది, కళ్లలో బెదురు తగ్గలేదు. స్లాబు కొలిమిలా కాలుతోంది.

"కాకా, నీకేం గావాలె? నువ్వు జెప్పు."

ఆయన గడ్డంతో గుమ్మం వైపు చూపించాడు. "వాకిట్ల... మంచమెయ్యుండ్రి. ఇన్నేండ్లు బాయిల కప్పు కిందనే ఉన్న. ఇగ నాతోని గాదు బిడ్డా."

"వద్దంటె వద్దు!" దుర్గవ్వ దిగ్గున లేచింది.

ఆమె భయం నాకు తెలియనిది కాదు. మా దిక్కు జబ్బుమనిషి మంచం వాకిట్లోకి వచ్చిందంటే ఇక ఆశ వదులుకున్నట్టే. అద్దె ఇళ్లలోనైతే మరీ అన్యాయం. ఇంట్లో చావు జరిగితే కొన్ని నెలలు ఇల్లు ఖాళీగా పాడుపెట్టాల్సి వస్తుందని, కొన ఊపిరితో ఉన్నవాళ్లనే ఓనర్లు బయట పెట్టిస్తారు. బుచ్చిరాములు తల్లి చెన్నూరులో అలాగే పోయింది. వానలో, వాకిట్లో, గోనెపట్టా కప్పుకుని.

"మా అత్త తీర్గ ఈయన బయటపడి సావొద్దనే గీ ఇల్లు గట్టుకున్నం," అంది దుర్గవ్వ. "సొంతిల్లు పెట్టుకోని మొగన్ని వాకిట్ల పారేసిందంటరు. నేను మొకమెట్ల సూపెట్టుకోవాలె?"

ఆయనేమో గుమ్మం మీద నుంచి చూపు తిప్పడం లేదు. నాకు కాలు నిలవలేదు. కిటికీ దాకా పోయాను, వచ్చాను, మళ్లీ పోయాను. దుర్గవ్వ చెప్పిందీ న్యాయమే. కానీ ఆడని ఊపిరి ఆయనది. ఆమె రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాను.

"కాక బతకడు దుర్గవ్వా."

"బతుకమ్మ దాంకనన్న ఉండడా?"

"ఉండడు."

పొయ్యి ముందు కూలబడింది. "గీ ముచ్చట ఆయనకు మాత్రం జెప్పకు. నీ కాల్మొక్కుత."

"ఆయనకెర్క లేదనుకుంటున్నవా? ఆయన ముంగట నువ్వు దాస్తున్నవ్, నీ ముంగట ఆయన దాస్తుండు. పో, బయటికెందుకు పోతనంటుండో ఆయన్నే అడుగు. నేనైతె ఆయన దిక్కే మాట్లాడుత. నువ్వు తిట్టినా సరే."

తిట్టింది కూడా. నా పుట్టుపూర్వోత్తరాలన్నీ దులిపింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని భర్త దగ్గరికి పోయింది.

"ఎందుకయ్యా, లోపలుంటె ఏమైతుంది నీకు?"

ఆయన ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అవ్వను బయటేసిండ్రు దుర్గీ. నన్నెవ్వలు ఏస్తలేరు. నేనే అడుగుతున్న."

దుర్గవ్వ బయటికి పోయి పక్కింటి అంకయ్యను కేకేసింది. ఆయన బుచ్చిరాములుతో కలిసి బాయిలో పనిచేసినవాడు. ముగ్గురం కలిసి మంచాన్ని వాకిట్లో పందిరి కిందికి చేర్చాం. బుచ్చిరాములు ఒడిలో దిండు పెట్టి ముందుకు వాల్చి కూర్చోబెట్టాను. గోదావరి వైపునుంచి చిన్న గాలి వచ్చింది. బిగదీసుకున్న ఆయన భుజాలు సడలాయి.

అంతలో బిందెతో పోతున్న ఎదురింటి సత్తవ్వ ఆ మంచం చూసింది. ఇంకేముంది, బిందె దించి "అయ్యో నా తమ్ముడా! ఎంత పనాయె!" అని గుండెలు బాదుకుంది. వీధి వీధంతా ఉరికొచ్చింది. డప్పులవాళ్లకు కబురు పెట్టారా అని ఎవరో అడిగారు కూడా!

బుచ్చిరాములు ఒక కన్ను తెరిచాడు. "నేనింక సావలే సత్తవ్వక్కా. జర పక్కకు జరుగు, గాలి రానియ్యి."

అంకయ్య ఫక్కున నవ్వాడు. సత్తవ్వ సిగ్గు కాస్తా కోపమై దుర్గవ్వ మీద విరుచుకుపడింది. "పాణమున్న మనిషిని బయటేసినవా? థూ! గింత సొంతిల్లు గట్టుకున్నది గిందుకేనా?"

దుర్గవ్వ భయపడ్డ మాట అదే. సత్తవ్వకు నాలుగు మాటలు తగిలిద్దామని నేను నోరు తెరిచాను. అంతలోనే దుర్గవ్వ నాకు అడ్డం వచ్చి నిలబడింది.

"అవ్, ఏసిన. ఆయన అడిగిండు, ఏసిన. నా మొగడు సస్తుండు సత్తవ్వక్కా. ఆయనకు గాలి గావాలె. ఏడ్సెటోళ్లు మీ ఇండ్లకు పోయి ఏడ్వుండ్రి. ఉండెటోళ్లు దూరం జరిగి సప్పుడు జెయ్యకుంట కూసోండ్రి."

భర్త వింటుండగా 'సస్తుండు' అన్న మాట ఆమె నోట రావడం అదే మొదలు. జనం గోడవారకు జరిగారు. సత్తవ్వ కూడా బిందె ఎత్తుకోకుండా అక్కడే కూర్చుంది.

"దుర్గీ," అన్నాడు బుచ్చిరాములు. "ఇగ దాసుడెందుకు, గీడికి రా."

పది మందిలో భర్త పక్కన నిలబడడానికే సిగ్గుపడే మనిషి దుర్గవ్వ. వీధంతా చూస్తుండగా మంచమెక్కి ఆయన వెనక కూర్చుంది. ఆయన వీపును తన రొమ్ముకు ఆనించుకుని, చేతులు చుట్టి పట్టుకుంది.