కంటి వెనక జిలేబి

కంట్లో చుక్కల మందు పడ్డాక గానీ బాల్‌రాజ్‌కు అసలు ప్రమాదం తెలియలేదు.

తాండూరు దవాఖానలో ఆ రోజు షుగర్ ఉన్నవాళ్లకు కంటి పరీక్ష. ఇక్కడ నర్సు నిరోషా కెమెరాతో కంటి లోపలి ఫొటో తీస్తుంది. వికారాబాద్‌లో కూర్చున్న డాక్టరమ్మ దాన్ని చూసి, తెర మీంచే మాట్లాడుతుంది. నాపరాళ్ల వ్యాపారి బాల్‌రాజ్‌ను భార్య మనోరమ బలవంతంగా లాక్కొచ్చింది. ఇంట్లో తీపి బంద్ చేసినా అతని షుగర్ ఎందుకు దిగడం లేదో ఆమెకు అంతుపట్టడం లేదు. అతనికి తోడుగా తనూ చప్పటి చాయే తాగుతోంది.

పరీక్షకే వచ్చి పక్కన కూర్చున్న నర్సింహులు గుసగుసగా అన్నాడు. "పటేలా, ఇది మామూలు ఫొటో కాదంట. కన్ను ఇన్నొద్దులు ఏమేం చూసిందో అంత లోపల్నే ఉంటదంట. గా తెర మీద మొత్తం వస్తదంట."

"మొత్తమా?"

"మొత్తం. జర పైలం."

తెర ఎదురుగా మనోరమ కూర్చుని ఉంది. రోజూ సాయంత్రం బుగ్గమ్మ దుకాణంలో మింగిన జిలేబీలన్నీ బాల్‌రాజ్ కళ్లలో మెదిలాయి.

లేచాడు. తలుపు. వరండా. గేటు. పరుగు!

బయట ఎండ సూదుల్లా గుచ్చింది. మందుకు విచ్చుకున్న కంటిపాపలకు లోకమంతా తెల్లటి పొగ. ఒక బర్రెను "తప్పుకో అన్నా" అని బతిమాలాడు. ఒక కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు. చివరికి నూనె వాసన పట్టుకుని బుగ్గమ్మ దుకాణం చేరి, బల్ల మీద కూలబడ్డాడు. పక్కన ఎర్రచీర ఏదో వచ్చి కూర్చుంది.

"బుగ్గమ్మా, మస్తు పరేషాన్ల ఉన్న. మా ఇంటామె వస్తె, నేను గీ దిక్కే రాలేదని చెప్పు. రోజు పావుకిలో తిన్న సంగతి అస్సలు చెప్పకు."

ఎర్రచీర ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"మొన్న ఆమె పుట్టినరోజుకని కొన్న డబ్బ గూడ తొవ్వల నేనే ఖతం చేసిన. అదైతే అసలే చెప్పకు."

"బుగ్గమ్మ పొయ్యికాడున్నది," అంది ఎర్రచీర. "ఇంకేమన్న ఉన్నయా?"

మనోరమ గొంతు!

మరుక్షణం అతను మళ్లీ కెమెరా ముందున్నాడు. నిరోషా ఫొటో తీసింది.

"పసుపుపచ్చ మచ్చలు కనిపిస్తున్నాయి," అంది తెర మీద డాక్టరమ్మ.

"అవి జిలేబీలు కావమ్మా, బూందీ!" బాల్‌రాజ్ అరిచాడు. "పెండ్లిల ఒక్కసారే తిన్న!"

నిరోషా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

"కన్ను చూసినవేవీ ఫొటోలో రావండీ," అంది డాక్టరమ్మ ఓపిగ్గా. "షుగర్ ఎక్కువై కంటి వెనక రక్తనాళాలు కారుతున్నాయి. ఆ మచ్చలు దానివల్లే. వెంటనే వికారాబాద్ వస్తే చూపు కాపాడొచ్చు. ఆలస్యం చేస్తే కష్టం."

"అంటే... జిలేబీలు రావా?"

"రావు."

బాల్‌రాజ్ కోపంగా నర్సింహులు వైపు తిరిగాడు. అక్కడ గోడ ఉంది.

"రేపు పొద్దుగాల్నే తోలుకొస్త డాక్టరమ్మా," అంది మనోరమ. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత బుగ్గమ్మ దుకాణానికి వెళ్లి, చేతిలో పొట్లంతో తిరిగొచ్చి వరండాలో మొగుడి పక్కనే కూర్చుంది. కరకర చప్పుడు మొదలైంది.

"ఏం తింటున్నవే?"

"కనవడ్తలేదా?"

"మసకమసకగ ఎర్రగ ఏదో..."

"నీ కండ్లు బాగయ్యేదాంక చప్పటి చాయ నువ్వొక్కనివే తాగు," అంటూ మనోరమ ఇంకోటి నోట్లో వేసుకుంది.